లొట్టిలోకి పొడి ఎలా వచ్చింది

కల్లుకు ఆయుష్షు ఒక్క పూట. పొద్దున చెట్టు దిగినప్పుడు తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేసరికి నురుగు కడుతుంది, పొద్దుగూకేసరికి పులుస్తుంది. మరునాటికి పారబోయడమే. తెలంగాణలో కల్లు కథ చెప్పేవాళ్లు గీత కులపు వీరుడు సర్వాయి పాపన్నతో మొదలుపెడతారు, లేదంటే నిజాం అబ్కారీతో. నేను మాత్రం ఈ ఒక్క పూట దగ్గరే మొదలుపెడతాను. నిలవ ఉండని సరుకును ఏడాది పొడుగునా, ఊరికి దూరంగా, ఒకే రుచితో అమ్మాల్సి రావడంలోనే మిగిలిందంతా ఉంది.

మాది జనగామ వైపు గీత కుటుంబం. నాయిన చెట్టెక్కే మోకు, ముస్తాదు వేసుకుని తెల్లవారకముందే తాళ్లలోకి పోయేవాడు. నేను నర్సు చదువు చదివి, నౌకరి మీద నిజామాబాదు వైపు పోయి, మానసిక రోగుల వార్డులోనే రిటైరయ్యాను. ఒకే సరుకును ఒక కొసన నాయిన భుజాన, ఇంకో కొసన వార్డు మంచాల మీద చూశాను. ఆ రెండు కొసల నడుమ జరిగినదాన్ని మా వాళ్లు సర్కారు పాపమంటారు, సర్కారు మా వాళ్ల పాపమంటుంది. నాకు ఇద్దరి మాటా సగం సగమే నచ్చుతుంది.

ముందు చెట్టు సంగతి. తాటిగెల కొసను సన్నగా గీసి లొట్టి కడితే చుక్క చుక్కగా రసం దిగుతుంది. అది వట్టి తీపి నీళ్లు. గాలిలోనూ, పాత లొట్టి గోడలకూ ఉండే ఈస్టు అందులో పడగానే చక్కెర సారాయిగా మారడం మొదలవుతుంది. లొట్టి లోపల సున్నం రాస్తే ఆ పని ఆగుతుంది, దాన్నే నీరా అంటాం. సున్నం లేని లొట్టిలో కొన్ని గంటలకు ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్ల వరకు పోతుంది. అంతకు మించి పోనివ్వకుండా పులుపు వచ్చి పడుతుంది. అంటే మంచి కల్లు దాదాపు బీరంత. చెట్టు కింద కూర్చుని రేక పట్టి నాలుగు లొట్లు తాగినా మనిషి పాడతాడు, తిడతాడు, పక్కవాడి మీద చెయ్యేసి ఏడుస్తాడు, పడి నిద్రపోతాడు. పొద్దున లేచి నాగలి కడతాడు. మా ఊళ్లో వాడిక కల్లు ఉండేది, ఫలానా ఇంటికి ఫలానా చెట్లని. నాయిన ఏ చెట్టు గీశాడో తాగేవాడికి తెలుసు. తాగేవాడి ఒంట్లో బాగుందో లేదో నాయినకు తెలుసు. పోచమ్మకు సాక పోసినా, కాటమయ్యకు పెట్టినా అదే కల్లు.

ఈ వాడిక పద్ధతికి పైన ఇంకో పద్ధతి ఉండేది. చెట్టు ఎవరి చెలకలో మొలిచినా దాని రసం మీద హక్కు సర్కారుది. నిజాం రాజ్యంలో 1316 ఫసలీలో, అంటే 1906-07 ప్రాంతంలో, అబ్కారీ చట్టం వచ్చింది. భూమిశిస్తు తర్వాత సర్కారు ఖజానాకు పెద్ద ఆదాయాల్లో అబ్కారీ ఒకటి. చెట్టుకు పన్ను కట్టాలి, దుకాణం వేలంలో పాడుకోవాలి. పాడుకునేది పైసలున్న గుత్తేదారు, గీసేది చేతిలో పైసలేని గౌడు. పైగా దొరల ఊళ్లలో గడీకి కల్లు వెట్టి కింద పోయాలి. తాత చెప్పిన గడీ కథల్లో కల్లు తాగిన దొర కంటే, కావడి మోసి గడప బయట నిలబడ్డ మనిషే ఎక్కువగా కనబడేవాడు. 1700ల మొదటి పదేళ్లలో పాపన్న భువనగిరి కోట మీదికి ఎందుకు పోయాడో పుస్తకాల్లో వేరే కారణాలుంటాయి గానీ, మా ఇంట్లో మాత్రం ఎవరికీ కారణం చెప్పాల్సిన పని పడలేదు.

అటు ఆంధ్ర వైపు సంగతి వేరు. మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ 1937లో సేలంతో మద్యనిషేధం మొదలుపెట్టి, మరుసటేడు చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చాడు. స్వాతంత్ర్యం వచ్చాక అది ప్రెసిడెన్సీ అంతటికీ పాకింది. 1956లో రెండు ప్రాంతాలు కలిసేనాటికి ఒకే రాష్ట్రంలో అటువైపు నిషేధం, ఇటువైపు దుకాణం. మా వైపు కల్లు ఎన్నడూ దొంగచాటు సరుకు కాలేదు. లైసెన్సున్న బతుకుదెరువు అది. తప్పు జరిగిన తీరు కూడా అందుకే వేరు. ఇక్కడ కల్తీ అడవిలో జరగలేదు, బోర్డు కట్టిన కల్లు కాంపౌండులో జరిగింది.

వేలం పాట, ఆ తర్వాత సొసైటీలు, చెట్టు మీద గీసేవాడికే లైసెన్సిచ్చే పద్ధతి ఒకటొకటిగా వచ్చాయి. కాగితం మారింది, లెక్క మారలేదు. పట్నం పెరిగింది, పట్నం చుట్టూ తాళ్లు పోయాయి. చెట్టు రోజుకు ఇచ్చేది కొన్ని లీటర్లే. పోతుతాడుకు ఒక కాలం, పండుతాడుకు ఒక కాలం, ఈత చెట్టుకు చలికాలం. వానలు పడితే కల్లు పలచబడుతుంది, చెట్టెక్కడమూ కష్టమే. కాంపౌండు మాత్రం పన్నెండు నెలలూ నడుస్తుంది. ఆషాఢంలోనూ మాఘంలోనూ సీసాలు అన్నే, రంగు అదే, మత్తు అంతే. ఇది చూసిన ఏ గౌడు పిల్లకైనా అనుమానం రావాలి. నాకు వచ్చింది. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు నాయినను అడిగితే, "చెట్టు పోసే కల్లు వేరు, పట్నం పోసే కల్లు వేరు బిడ్డా" అని ఊరుకున్నాడు.

నీళ్లు పోస్తే తీపి పోతుంది, సాక్రిన్ వేస్తే తీపి వస్తుంది. నురుగుకూ తెలుపుకూ వేరే సరుకులున్నాయి. మత్తు తేవడమే కష్టం. దానికి ముందుగా దొరికింది క్లోరల్ హైడ్రేట్. జర్మనీలో లీబిగ్ 1832లో దాన్ని తయారుచేశాడు. 1869లో ఆస్కర్ లీబ్రైష్ అది నిద్ర పట్టిస్తుందని చూపించాడు. ఒంట్లోకి పోయి క్లోరోఫాంగా మారుతుందని ఆయన అనుకున్నాడు. నిజానికి మారేది ట్రైక్లోరోఎథనాల్‌గా. పేరులోనే ఎథనాల్ ఉంది చూడండి, చేసే పని కూడా ఇంచుమించు అదే. అమెరికాలో షికాగో బారుల్లో గిరాకీ గ్లాసులో దీన్నే కలిపి, వాడు పడిపోగానే జేబు కొట్టేసేవారని వంద ఏళ్లనాటి కథలున్నాయి. సారాయినీ క్లోరల్‌నూ కరిగించడానికి లివరు వాడేది ఒకే ఎంజైమును. రెండూ కలిసి వస్తే సారాయి కరగడం నెమ్మదిస్తుంది, క్లోరల్ నుంచి ట్రైక్లోరోఎథనాల్ ఎక్కువగా తయారవుతుంది. కొంచెం కల్లు, కొంచెం పొడి కలిస్తే కూడికను మించిన మత్తు. కాంపౌండు వాడికి ఈ ఎంజైము పేరు తెలియదు. ఒక డ్రమ్ము నీళ్లకు ఎంత పొడి అన్నది మాత్రం తెలుసు.

తర్వాత డైజోఫాం. రోష్ కంపెనీలో లియో స్టెర్న్‌బాక్ చేసిన డయజెపాం 1963లో వేలియం పేరుతో మార్కెట్లోకి వచ్చింది. మా వైపు నోళ్లలో పడి డైజోఫాం అయింది. ఆ తర్వాత, 1981లో అమెరికాలో అనుమతి పొందిన అల్ప్రాజోలం. ఇది సరుకు కాదు, లెక్కల మాయ. డాక్టరు రాసే అల్ప్రాజోలం మాత్ర మామూలుగా పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము. డయజెపాం అయితే ఐదు మిల్లీగ్రాములు. అంటే ఒక గ్రాము అల్ప్రాజోలం పొడిలో రెండు వేల అర మిల్లీగ్రాము మాత్రలున్నట్టు. చొక్కా జేబులో పట్టే పొట్లంతో ఊరంతటినీ పడుకోబెట్టొచ్చు. దాచడం సులువు, మోయడం సులువు, కొలవడమే అసాధ్యం. పార పెట్టి కలిపే డ్రమ్ములో మిల్లీగ్రాము ఎవడు కొలుస్తాడు? హైదరాబాదు దేశానికే మందుల ముడిసరుకు పట్నం కావడం కూడా ఇందులో ఒక కారణం. 1960ల్లో బాలానగర్‌లో ఐడీపీఎల్ వచ్చాక చుట్టూ కెమిస్ట్రీ తెలిసిన చేతులు, రియాక్టర్లు, షెడ్లు పుట్టుకొచ్చాయి. వాటిలో చాలావరకు లోకానికి ప్రాణం పోశాయి. మిగిలినవాటిలో, మూలమూలన మూతపడ్డ షెడ్లలో అల్ప్రాజోలం పట్టుబడ్డ వార్తలు ఇప్పటికీ పేపర్లో వస్తూనే ఉంటాయి.

ఈ మూడు సరుకులూ, చెట్టు ఇచ్చే సారాయీ, మెదడులో పోయి పట్టుకునేది ఒకే చోటు. మెదడులో గాబా అనే పదార్థం ఉందని 1950లో యూజీన్ రాబర్ట్స్, హోర్హే అవపారా వేరువేరుగా బయటపెట్టారు. నరకణం మీద గాబా కూర్చునే గ్రాహకం తెరుచుకుంటే క్లోరైడు లోపలికి పోతుంది, ఆ కణం నెమ్మదిస్తుంది. సారాయి, క్లోరల్, డైజోఫాం, అల్ప్రాజోలం అన్నీ ఆ గ్రాహకాన్నే మరింత పని చేయిస్తాయి. సారాయి దాంతో ఆగదు. కణాన్ని ఉసిగొల్పే గ్లూటమేట్ అనే ఇంకో పదార్థానికి ఒక దారి మూస్తుంది. లవింజర్ బృందం 1989లో దాన్ని చూపించింది. పైగా డోపమైను పెంచి 'ఇంకొంచెం' అనిపిస్తుంది.

కావడి మోసిన ఇంటి బిడ్డను గనుక నాకు ఇది ఇలా అర్థమైంది. మెదడు ఒక కావడి. ఒక వైపు నెమ్మది, ఒక వైపు ఉద్రేకం. రోజూ నెమ్మది వైపు ఎవరో బయటినుంచి బరువు వేస్తుంటే, మోసేవాడు పడిపోకుండా రెండో వైపు తనే రాళ్లు వేసుకుంటాడు. గాబా గ్రాహకాలు మొద్దుబారతాయి, గ్లూటమేట్ గ్రాహకాలు పెరుగుతాయి. ఇది రోగం కాదు, మెదడు తెలివి. తాగేవాడు "ఎక్కుతలేదు" అనడం మొదలుపెట్టేది అప్పుడే. కాంపౌండు వాడు పొడి పెంచుతాడు, మెదడు రాళ్లు పెంచుతుంది. ఒకనాడు పోలీసులు వచ్చి బయటి బరువును ఒక్కసారిగా ఎత్తేస్తే ఆ రాళ్లన్నీ ఒక్క పక్కనే మిగులుతాయి.

ప్రవర్తనలో తేడా కూడా మాకు కంటికే తెలిసేది. చెట్టు కల్లు తాగినవాడికి ముందు సిగ్గు పోతుంది, తర్వాత నడక తప్పుతుంది. పొడి కల్లు తాగినవాడికి ఒకేసారి నాలుక మందమై, కళ్లు వాలి, కాంపౌండు గేటు దగ్గరే కూలబడతాడు. మరునాడు ఏమీ గుర్తుండదు. బెంజోడయజెపైన్లు మెదడును కొత్త జ్ఞాపకం రాసుకోనివ్వవు. "కొట్టలేదమ్మా, నేనెందుకు కొడతా" అని భార్య ముందే ప్రమాణం చేసిన మొగుళ్లు చాలామంది అబద్ధం చెప్పలేదు. దానివల్ల ఆమె దెబ్బలు తగ్గాయా అంటే తగ్గలేదు.

నిజామాబాదు వైపు కల్లు మొగవాళ్ల పానకం మాత్రమే కాదు. బీడీలు చుట్టే ఆడవాళ్లు పొద్దంతా నడుము వంచి కూర్చుంటారు. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. పొద్దుగూకేసరికి మెడ, వేళ్లు, నడుము పట్టేస్తాయి. సీసాడు కల్లు పడితే నొప్పి తగ్గుతుంది, నిద్ర పడుతుంది. పిల్లలకు దగ్గొస్తే ఒక గుక్క పోసినవాళ్లూ ఉన్నారు. తప్పుబట్టడానికి నాకు నోరు రాలేదు. నొప్పిమాత్ర కన్నా కల్లు దగ్గర, అంతే.

ఒకామెను మా వార్డుకు తెచ్చారు. నలభై ఉంటాయేమో. ఊళ్లో కల్లు బందై మూడో రోజు. మొదటి రోజు చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. రెండో రోజు ఫిట్సు వచ్చింది. మూడో రాత్రి మంచం మీద మఠం వేసుకుని కూర్చుని పని మొదలుపెట్టింది. ఒళ్లో చాట లేదు, ఆకు లేదు, తంబాకు లేదు. ఎడమచేత్తో తునికాకు పట్టినట్టు పట్టి, కుడిచేత్తో తంబాకు చల్లి, చుట్టి, కొస మడిచి, దారం కట్టి పక్కన వేస్తోంది. వేళ్లు ఒక్కచోట తప్పలేదు. ఇరవై ఐదు కాగానే కట్ట కట్టి పక్కకు జరిపింది. బీపీ చూద్దామని చెయ్యి పట్టుకుంటే, "చాట కదిలియ్యకు సిస్టరమ్మా, లెక్క తప్పుతది" అని కోప్పడింది. కొడుకు ఎదురుగా నిలబడి "అమ్మా" అంటే, వాడిని టేకేదారు అనుకుని ఆకు తక్కువ తూచావని తగాదా పెట్టుకుంది.

డెలీరియం ట్రెమెన్స్ అన్న పేరు 1813లో ఇంగ్లండులో థామస్ సటన్ పెట్టాడు. రోగి తన రోజువారీ పనిని గాల్లో చేస్తుంటాడని పాత డాక్టర్లు ఎన్నడో గమనించి రాశారు. ఇది తాగడం వల్లా, తిండి లేకనా, మానడం వల్లా అన్న వాదన మాత్రం వందేళ్లకు పైగా నడిచింది. 1955లో అమెరికాలోని లెక్సింగ్టన్ ఆసుపత్రిలో హారిస్ ఇస్బెల్ బృందం పదిమందికి తిండీ విటమిన్లూ బాగా పెట్టి, లెక్కగా సారాయి పోసి, తర్వాత ఒక్కసారిగా ఆపి చూసింది. 48 నుంచి 87 రోజులు తాగిన ఆరుగురిలో వణుకు, ఫిట్సు, మతి తప్పడం కనబడ్డాయి. వాళ్లంతా మత్తుమందు కేసుల్లో శిక్ష పడ్డ ఖైదీలు. అలాంటి ప్రయోగం నేడు ఎవరూ చేయనివ్వరు, చేయకూడదు కూడా. కానీ మానడమే కారణమని తేలింది ఆ ఆరుగురి ఒంటిమీదే.

ఆ బీడీలామె భర్త మొదట ఇదంతా గాలి అనుకున్నాడు. పోచమ్మకు సాక పొయ్యక అమ్మవారు అలిగిందని, ఎక్కడినుంచో సీసా సంపాదించి గుడి దగ్గర పోసి, మిగిలింది ఆమెకు తాగించాడు. ఆమె రెండు గంటలు నెమ్మదించింది. అమ్మవారు శాంతించిందని ఆయన లెక్క. ఆ సీసాలో అల్ప్రాజోలం ఉందని మా లెక్క. ఇద్దరం చూసింది ఒకటే.

మందు వారీగా కూడా కథ మారుతుంది. డయజెపాం ఒంట్లో సగం కావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, దాని పిల్ల పదార్థాలు ఇంకా ఎక్కువ రోజులుంటాయి. అంటే ఆపినా మెల్లగా దిగుతుంది. అల్ప్రాజోలం పదకొండు గంటలకే సగమవుతుంది. డైజోఫాం కల్లు కాలంలో కాంపౌండు ఒక రోజు మూతపడితే జనం చిరాకుపడేవాళ్లు. అల్ప్రాజోలం వచ్చాక అదే ఒక రోజుకు ఫిట్సు వచ్చేది. సరుకు చవకయ్యే కొద్దీ గడువు తగ్గింది. ఈ వ్యాపారం చేసినవాళ్లకు ఇది తెలియక కాదు, గడువు తగ్గితే గిరాకీ తప్పదు.

సారా మీద ఆడవాళ్లు లేచిన కాలం కూడా ఇక్కడ చెప్పాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై రాష్ట్రమంతా పాకితే, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. అంత పెద్ద నిషేధంలోనూ కల్లును చేర్చలేదు. గీత కులం బతుకుదెరువని మినహాయించారు. నా ఇంటివాళ్లకు అది న్యాయమే. కానీ సారా పాకెట్టు దొరకని తాగుబోతు ఎటు పోతాడు? కాంపౌండుకు వచ్చాడు. వాడికి చెట్టు కల్లు ఎక్కదు. సారాకు అలవాటుపడ్డ మెదడును పడుకోబెట్టాలంటే పొడి కావాలి. పొడి అంతకుముందే ఉంది గానీ, దానికి జనం దొరికింది అప్పుడే అని నేననుకుంటాను. హైదరాబాదులో కల్లు కాంపౌండ్లను 2004లో మూశారు, తెలంగాణ వచ్చాక 2014లో తెరిచారు. పట్నంలో తాడిచెట్టు ఆ పదేళ్లలో మొలవలేదు.

2015 సెప్టెంబరులో సర్కారు కల్తీ కల్లు మీద దాడులు మొదలుపెట్టింది. మంచి పనే. దాడులకు ముందు ఆసుపత్రులకు ఒక కబురు పెట్టాలని మాత్రం ఎవరికీ తోచలేదు. నిజామాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో వందలమంది వచ్చి పడ్డారు. కొందరు చనిపోయారు. మంచానికి ఇద్దరు, కింద చాపల మీద ఇంకొందరు. ఎక్కువమందిని కాళ్లూచేతులూ చున్నీలతో కట్టి తెచ్చారు. కట్టడం తప్పని చెప్పడానికి నాకు తీరిక లేదు, విప్పడానికే చేతులు చాల్లేదు.

వైద్యం ఏమిటంటే మళ్లీ అదే కుటుంబం. డయజెపాం, లోరజెపాం, క్లోర్‌డయజెపాక్సైడు. కాంపౌండు దాచిపెట్టి పోసిన మందునే మేము చార్టులో రాసి, కొలిచి ఇచ్చాం. ముందు సరిపడా ఇచ్చి, తర్వాత రోజురోజుకూ కొంచెం కొంచెం తగ్గిస్తాం. మెదడు వేసుకున్న రాళ్లను మెదడే తీసేసుకోవాలి, దానికి గడువు ఇవ్వడమే మా పని. గ్లూకోజు సీసా ఎక్కించేముందు బి1 విటమిను ఇవ్వడం మర్చిపోకూడదు. తిండి తినక తాగినవాళ్లలో అది లేకుండా గ్లూకోజు పోతే చూపు, నడక, జ్ఞాపకం దెబ్బతింటాయి. ఒకడు నా చేతిలో మాత్ర చూసి, "ఇదేనా మా కాంపౌండులో ఏసేది?" అని అడిగాడు. దాదాపు ఇదే అన్నాను. "మరి ఆనికి కేసు, మీకు జీతమా?" అన్నాడు. వార్డంతా నవ్వింది, నేనూ నవ్వాను. వాడి ప్రశ్న తప్పేం కాదు. తేడా అంతా కొలతలోనూ, ఆపే తీరులోనూ ఉంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి వైన్సులూ కల్లూ ఒక్కరోజే మూతపడ్డప్పుడు ఎర్రగడ్డకు మళ్లీ అదే జనం. అప్పటికి నేను రిటైరయ్యాను. మా పాత వార్డులో పని చేసే చిన్న నర్సులు ఫోను చేసి అడుగుతుంటే ఒకటే చెప్పాను. ఎంత తాగుతాడని తర్వాత అడగండి, ఎక్కడ తాగుతాడో ముందు అడగండి. వైన్సువాడైతే ఒక లెక్క, చెట్టు కిందివాడైతే ఒక లెక్క. కాంపౌండు పేరు చెబితే, ఆ కాంపౌండు నుంచి ఇంకెవరు వచ్చారో రిజిస్టరులో చూసి, వాళ్లకు ఎంత మందు పట్టిందో అక్కడినుంచి మొదలుపెట్టండి. ఇప్పుడు అక్కడ కేసు షీటులో పేరు, వయసు తర్వాత రాసేది కాంపౌండు పేరే.